కప్పెడు పిండి బరువు

"కప్పు పిండి అంటే ఎన్ని గ్రాములు?" అని అడిగాడు లెక్కల మాస్టారు.

"కప్పెడు," అన్నాడు రొట్టెల మేస్త్రి.

మాస్టారు నవ్వాడు. పక్కనే ఉన్న అమ్మలు కూడా నవ్వింది. మేస్త్రి మాత్రం నవ్వించడానికి అనలేదు, ఒళ్లు మండి అన్నాడు. తను మూడేళ్లుగా ఈ బేకరీలో రొట్టెలు చుడుతున్న బల్ల మీద ఎవరో కొత్త మనిషి నోట్‌బుక్కు పరుచుకుని, జేబులో రెండు పెన్నులతో, ముక్కు మీద కళ్లజోడుతో తీరిగ్గా కూర్చుంటే ఎవరికైనా మండదూ?

ఆ బేకరీ అమ్మలు వాళ్ల అమ్మమ్మది. నలభై ఏళ్లుగా ఆవిడ ఒకే ఒక ఎనామిల్ కప్పుతో పిండి కొలిచి కేకులు చేస్తోంది. వంటల పుస్తకంలో ఆవిడ రాసుకున్నదంతా కప్పుల్లోనే. మైదా మూడు కప్పులు, చక్కెర కప్పున్నర, కోకో అరకప్పు. ఆ కప్పు ఒక్కటే, ఆ చెయ్యీ ఒక్కటే. ఈమధ్య ఆ చేతికి మణికట్టు నొప్పి పట్టుకుంది. కప్పు ఎత్తితే వణుకుతోంది. డాక్టరు పట్టీ కట్టి, ఇక బరువులు ఎత్తొద్దన్నాడు.

సరిగ్గా అప్పుడే బస్టాండు దగ్గర రెండో షాపు తీసుకున్నారు. దాన్ని అమ్మలు చూసుకోవాలి. అమ్మలు ఐదేళ్లుగా కేకుల పనిలో ఉన్నా, పిండి కొలత మాత్రం ఎప్పుడూ అమ్మమ్మే చూసేది. అందుకని పుస్తకంలోని కప్పులన్నిటినీ గ్రాముల్లోకి మార్చేద్దామంది అమ్మలు.

"మార్చుకో," అంది అమ్మమ్మ. "కానీ ఒక్క మాట. కొత్త షాపులో, కొత్త ఓవెన్లో, నా చెయ్యి పడకుండా చేసిన కేకు నా కేకులాగే ఉండాలి. లేదంటే నెలాఖరుకి తాళాలు వెనక్కిచ్చేద్దాం. పేరు చెడగొట్టుకునే వయసు కాదు నాది."

రోజూ సాయంత్రం బన్నులు కొనుక్కునే లెక్కల మాస్టారు, కౌంటరు దగ్గర కాగితాలు ముందేసుకుని తల పట్టుకున్న అమ్మలుని చూసి, "నేను సాయం చెయ్యనాండీ?" అన్నాడు. మర్నాటి నుంచి బడి వదలగానే సరాసరి బేకరీకే.

మేస్త్రికి మూడేళ్లుగా అమ్మలు అంటే ఇష్టం. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. పనిచేసే చోట, అందులోనూ యజమాని మనవరాలికి, ఏమని చెప్తాడు? ఆమె అతన్ని "నువ్వు" అనేది, అతను ఆమెను "మీరు" అనేవాడు. ఆ మర్యాద వెనకాలే దాక్కుని ఇన్నాళ్లూ గడిపేశాడు. తొందరేముంది, ఎప్పుడో ఒకప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాడు. ఇప్పుడీ మాస్టారు దిగాడు.

మొదటి రోజు మాస్టారు అమ్మలు చేత మూడుసార్లు కప్పు నింపించి, తూకం యంత్రం మీద పెట్టించాడు. నూట ముప్ఫై ఒకటి. నూట నలభై ఆరు. నూట ముప్ఫై ఎనిమిది.

"మీ చెయ్యి పూటకో మాట చెప్తోందండీ," అన్నాడు మాస్టారు.

అమ్మలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఇందులో అంత నవ్వాల్సింది ఏముందో మేస్త్రికి అర్థం కాలేదు. మూడేళ్లలో తను వేసిన జోకులకి ఆమె మహా అయితే చిరునవ్వు నవ్వింది.

"అలా ఎందుకొస్తోంది మాస్టారూ? కప్పు అదేగా?"

"కప్పు అదే, పిండి కూర్చునే తీరు వేరు. బస్తాలో కప్పు ముంచి తీస్తే పిండి అణిగి ఎక్కువ పడుతుంది. గరిటెతో పోసి పైన గీస్తే తక్కువ. జల్లించి పోస్తే ఇంకా తక్కువ. చక్కెరకి ఈ బాధ లేదు, ఎలా పోసినా దాదాపు అంతే తూగుతుంది. నికరమైన చెయ్యైతే పదిసార్లు తూస్తే చాలు, లెక్క తేలిపోతుంది."

ఇదంతా మేస్త్రికి తెలుసు. పిండిని చేత్తో తాకితే చాలు, అది అణిగిందో గుల్లగా ఉందో చెప్పగలడు. కాకపోతే అతని దగ్గర అంకెలు లేవు. అంకెలున్నవాడు తెలివైనవాడైపోయాడు.

మేస్త్రి డ్యూటీ తెల్లారుజామున మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. ఆ వారం నుంచి మాత్రం సాయంత్రం ఆరు దాకా వెనక గదిలోనే తిరుగుతున్నాడు.

"ఏరా, నీకింకా ఇక్కడేం పని?" అంది అమ్మమ్మ.

"ట్రేలకి నూనె రాస్తున్నానండీ."

"నిన్న రాశావుగా."

"నిన్న సరిగ్గా రాయలేదు."

అమ్మమ్మ అతని వంక ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

నూనె రాస్తున్నాడన్న మాటే గానీ చెవులు రెండూ బల్ల దగ్గరే ఉండేవి. "మాస్టారూ, మీరు టీ తాగుతారా?" అని అమ్మలు అడిగేది. తర్వాత ఇటు తిరిగి, "మేస్త్రీ, నువ్వూ తాగుతావా?" అనేది. ఆ "నువ్వూ"లోని దీర్ఘం అతనికి గొంతులో అడ్డం పడేది. ముందు మాస్టారికి, పనిలో పనిగా తనకి. వద్దనేవాడు. వాళ్లిద్దరూ తాగుతుంటే తలనొప్పి వచ్చేది.

ఒకరోజు అమ్మలు తుమ్మితే చేతిలో ఉన్న పిండంతా మాస్టారి కళ్లజోడు మీద పడింది. "అయ్యో," అంటూ ఆమె దాన్ని తీసి, తన చున్నీ అంచుతో తుడిచి ఇచ్చింది. ఆ రాత్రి మేస్త్రికి అన్నం సహించలేదు. తనకి కళ్లజోడు ఎందుకు లేదా అని కూడా అనుకున్నాడు.

గురువారం సాయంత్రం వాన పట్టుకుంది. మేస్త్రి రెయిన్‌కోటు తొడుక్కుని, దాన్ని అమ్మలుకి ఇవ్వాలా, ఇస్తే ఏమని ఇవ్వాలా అని తలుపు దగ్గర తర్జనభర్జన పడుతుండగానే మాస్టారు గొడుగు విప్పాడు.

"రండి, బస్సు దాకా దిగబెడతాను."

ఒకే గొడుగు, ఇద్దరు మనుషులు. అమ్మలు భుజం తడవకుండా మాస్టారు గొడుగుని అటు వంచడం, ఏదో చెప్పడం, ఆమె తల దించుకుని వినడం, అన్నీ అతను చూశాడు. వాళ్లు మలుపు తిరిగాక చూసుకుంటే, రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకోనందువల్ల చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది.

మర్నాడు అమ్మలు ఆ ఎనామిల్ కప్పు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మేస్త్రీ, ఇవాళ మైదా నువ్వు కొలువు. పది కప్పులు. రోజూ ఎలా కొలుస్తావో అలాగే."

మాస్టారు పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. ఓహో, అనుకున్నాడు మేస్త్రి. వీళ్లిద్దరూ లెక్కలు రాసుకుంటూ కూర్చుంటారు, మధ్యలో పిండి మొయ్యడానికి నేను కావాలి. అంత తెలివైన మాస్టారి లెక్క ఒక్కసారి తప్పితే ఎలా ఉంటుంది? కొత్త షాపులో కేకు గట్టిగా వస్తే, అమ్మమ్మగారు ఆ నోట్‌బుక్కుని కిటికీలోంచి విసిరేస్తే?

ఆలోచన అలా వచ్చిందో లేదో, చెయ్యి పనిలో దిగిపోయింది. కప్పుని బస్తాలో ముంచాడు. బల్ల అంచుకి మెల్లగా రెండుసార్లు తట్టాడు. పైన గీస్తున్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టి, దాని కింద బొటనవేలితో అదిమాడు. మళ్లీ కాస్త పిండి వేసి నున్నగా గీశాడు.

నూట యాభై ఎనిమిది. నూట యాభై తొమ్మిది. నూట యాభై ఏడు. పది కప్పులూ అంతే.

"ఎంత నికరంగా ఉందండీ మేస్త్రిగారి చెయ్యి," అన్నాడు మాస్టారు మనస్ఫూర్తిగా. "రెండు గ్రాములు మించి తేడా లేదు. నూట యాభై ఎనిమిది వేసేద్దాం."

అమ్మలు మాత్రం అంకె వంక చూసింది, తర్వాత మేస్త్రి వంక చూసింది.

"నువ్వు రోజూ ఇలాగే కొలుస్తావా? నిజంగా?"

"అవునండీ," అన్నాడు.

ఆమె పుస్తకంలో ఏదో కొట్టేసి, కొత్త అంకె రాసుకుంది.

సోమవారం కొత్త షాపులో అమ్మలు మొదటి కేకులు చేసింది. గ్రాముల లెక్క ప్రకారం నాలుగు. అమ్మమ్మ కుర్చీలో, మాస్టారు తలుపు దగ్గర, మేస్త్రి సామాన్ల పెట్టె మీద కూర్చున్నారు. ఓవెన్ తలుపు తియ్యగానే తెలిసిపోయింది. కేకులు నాలుగూ నడుమ గుట్టలా పొంగి, పైన నెర్రెలు విచ్చాయి. కోస్తే పొడి పొడిగా రాలింది. అమ్మమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, మంచినీళ్లు తాగింది.

"గోడ కట్టడానికి పనికొస్తుంది," అంది.

ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాదేనండీ," అన్నాడు మాస్టారు. "నా లెక్కలోనే ఎక్కడో..."

"తప్పు ఎవరిదైతేనేం నాయనా. నెలాఖరు ఇంకో ఆరు రోజులుంది. అమ్మలూ, తాళాలు ఇచ్చేద్దామే. ఇది మన వల్ల కాదు."

అమ్మలు కేకు టిన్నులు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. నీళ్లు ధారగా పడుతున్నాయి. టిన్నులు కడిగిన చప్పుడు మాత్రం లేదు. వెనక నుంచి ఆమె భుజాలు కదలడం మేస్త్రికి కనిపించింది.

మాస్టారి మొహం మాడిపోతే చూడాలని అతను నాలుగు రోజులుగా ఎదురుచూశాడు. తీరా మాడిపోతే అతను చూడనే లేదు. చూడగలిగింది ఆ భుజాల్నే.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాడు. అక్క బట్టలు కుడుతుంది. అమ్మానాన్నా లేని తమ్ముణ్ని ఆ కుట్టుమిషను మీదే పెంచింది. మెడలో టేపు వేసుకుని, మిషను ఆపకుండానే జరిగిందంతా విన్నది.

"ఆ పిల్ల ఏడ్చిందా?"

"ఏడ్చింది."

మిషను ఆగింది.

"రేపు వెళ్లి చెప్పెయ్."

"ఉద్యోగం పోతుందక్కా."

"పోనీ. ఆ పిల్లకి షాపే పోతోంది కదరా." దారం కొరికి పక్కన పడేసింది. "ఇంత పిండి నొక్కేబదులు ఆ పిల్లతో ఒక ముక్క చెప్పి ఏడవొచ్చుగా. నోరెందుకిచ్చాడు దేవుడు?"

మర్నాడు మాస్టారు తన నోట్‌బుక్కు పట్టుకుపోదామని వచ్చాడు. అమ్మమ్మ, అమ్మలు, మాస్టారు, ముగ్గురూ వెనక గదిలో ఉండగా మేస్త్రి చేతులు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారి లెక్క తప్పలేదు. నేనే కప్పు నొక్కాను."

"నొక్కడమేంటి?" అంది అమ్మమ్మ.

"తట్టి, బొటనవేలితో అదిమి పోశాను. పది కప్పులూ. కావాలనే."

మాస్టారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎందుకు?" అంది అమ్మలు.

"మాస్టారి లెక్క తప్పాలని."

"మాస్టారు నీకేం చేశారు?"

అమ్మలు పుస్తకం తీసి, ఒక పేజీ తిప్పి అతని ముందు పడేసింది. పేజీకి పైన 'మేస్త్రి చెయ్యి' అని రాసి ఉంది. దాని కింద వరసగా తేదీలు, అంకెలు. నూట ఇరవై నాలుగు, నూట ఇరవై మూడు, నూట ఇరవై నాలుగు, నూట ఇరవై ఐదు. ఇరవై రోజుల లెక్క. మొత్తం మీద అడ్డంగా ఒక గీత.

"రోజూ బన్నులకి నువ్వు నాలుగు కప్పులు పోసి అటు తిరిగినప్పుడల్లా గిన్నె తూచేదాన్ని. నీకు చెప్తే జాగ్రత్తపడి పోస్తావు, అప్పుడది నీ చెయ్యి కాదు. అమ్మమ్మ చేతికి నొప్పి రాకముందు ఎలా పడేదో, నీ చేతికి అలా పడుతుంది. నా చేతికి పడదు. అందుకే నీ కొలతే పెట్టుకుందామనుకున్నా. మాస్టారి ముందు ఒకసారి సరిచూసుకుందామని నీతో పోయిస్తే, నూట యాభై ఎనిమిది వచ్చింది. రోజూ ఇలాగేనా అనడిగాను. అవునన్నావు."

ఆమె ఆ అడ్డగీత మీద వేలు పెట్టింది.

"నువ్వు అవునన్నావని, ఇరవై రోజుల నా లెక్కే తప్పనుకుని కొట్టేసుకున్నా."

పుస్తకం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మేస్త్రి పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "రేపటి నుంచి రానండీ," అన్నాడు అమ్మమ్మతో.

"ఎంచక్కా చెప్పావు. పాడుచేసింది నువ్వు, బాగుచేసేది ఇంకొకడా? నాలుగు రోజుల్లో పుస్తకం మొత్తం తూచి ఇవ్వు. ఆ తర్వాత పోతావో ఉంటావో చూద్దాం."

డ్యూటీ అయ్యాక మేస్త్రి ఒక్కడే కూర్చుని తూచడం మొదలుపెట్టాడు. మైదా ముప్ఫై సార్లు. కోకో పొడి ఉండ కడితే ఒకలా, జల్లిస్తే ఒకలా. ఎండుపాల పొడి, చక్కెర. కప్పు, అరకప్పు, పావుకప్పు. అంకెలు రాయడం అలవాటు లేని చెయ్యి కావడంతో ఏడుని ఒకటిలా రాసి మళ్లీ దిద్దుకునేవాడు. అమ్మలు వస్తూ పోతూ ఉండేది, అతని వంక చూసేది కాదు.

రెండో రోజు సాయంత్రం మాస్టారు వచ్చి, ఎదురుగా కూర్చుని, పెన్ను తీశాడు.

"మీరు తూచండి. నేను రాస్తాను."

పది కప్పుల దాకా ఇద్దరూ అంకెలు తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు.

"మీకు కోపం రాలేదా మాస్టారూ?" అన్నాడు మేస్త్రి చివరికి.

"వచ్చింది. నిన్నంతా ఉంది. లెక్క తప్పించారని పిల్లల ముందు కూడా పరధ్యానంగా పాఠం చెప్పాను." మాస్టారు అంకె రాసి, దాని కింద గీత గీశాడు. "కానీ మీరు అనవసరంగా కష్టపడ్డారండీ. గొడుగు రోజునే నేను అమ్మలుగారిని అడిగాను. కాదన్నారు."

మేస్త్రి చేతిలో కప్పు ఆగిపోయింది.

"కాదన్నాక కూడా వస్తున్నారా?"

"ఒప్పుకున్న పని సగంలో ఉంది కదా. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా మీరు దాటి పిలవలేదు. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. పొయ్యండి, ఇంకా కోకో ఉంది."

ఆ "మీరు" వింటే తనకి ఎంత కడుపు రగిలేదో గుర్తొచ్చి, మేస్త్రి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తక్కువ తూగింది మాస్టారు కాదు, తనే.

శనివారం పొద్దున కొత్త షాపులో రెండోసారి. మైదా మూడు వందల డెబ్భై రెండు గ్రాములు. అంతకుముందు పడిందానికన్నా కేకుకి నూట రెండు తక్కువ. అమ్మలు తూచి కలిపింది. మేస్త్రి పక్కన నిలబడి అందించాడు. ఓవెన్లో పెట్టాక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. బయట వాన సన్నగా మొదలైంది. అమ్మమ్మ ఇంకా రాలేదు.

"నా మీద కోపం ఉంటే నా మీదే చూపించాలి," అంది అమ్మలు కిటికీ వైపు చూస్తూ. "పిండి మీద కాదు."

"కోపం కాదండీ. కుళ్లు."

"దేనికి?"

"మీరు మాస్టారితో నవ్వారని. ఆయన కళ్లజోడు తుడిచారని. టీ ముందు ఆయన్ని అడిగారని."

అమ్మలు అతని వైపు తిరిగింది.

"ఆయన మనింటికి సాయానికొచ్చిన మనిషి. ముందు అడగకపోతే ఎలా? నువ్వు..." అని ఆగింది. "నువ్వెప్పుడూ ఉండేవాడివే కదా అనుకున్నా."

"ఉంటానండీ. మీరంటే నాకు మూడేళ్లుగా ఇష్టం. చెప్పడం చేతకాలేదు. చేతకానివాణ్ని నోరు మూసుకుని ఊరుకోవాల్సింది, మీ కష్టం పాడుచేశాను. దానికి మీరు ఏమన్నా పడతాను."

"ముందు ఆ మీరు తీసెయ్."

తీసెయ్యడం అంత తేలిక కాదు. మూడేళ్ల అలవాటు.

"ఇంకెప్పుడూ నా దగ్గర అలా అవునని అబద్ధం చెప్పకు," అంది ఆమె. "నాకు కేకు పోయిందని ఏడుపు రాలేదు. నీ మాట మీద నా లెక్క కొట్టేసుకున్నానే, అది తట్టుకోలేకపోయా. ఏదైనా అనుమానం వస్తే అడుగు."

"ఇప్పుడు అడగనా?"

"అడుగు."

"ఇరవై రోజులు తూచా... తూచావు. మాస్టారు పది చాలన్నారుగా?"

"అన్నారు."

"మరి మిగతా పది ఎందుకు?"

అమ్మలు ఓవెన్ అద్దంలోకి చూస్తూ నిలబడింది. ఓవెన్ వేడికో ఏమో, బుగ్గలు ఎర్రబడ్డాయి.

"లెక్కలు నేర్చుకున్నావుగా. నువ్వే వేసుకో," అంది.

అతను వేసుకున్నాడు. వేసుకున్నాక ఆ చిన్న గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక, కడిగిన టిన్నులే మళ్లీ కడిగాడు.

అమ్మమ్మ గొడుగు దులుపుకుంటూ వచ్చేసరికి కేకులు బల్ల మీద చల్లారుతున్నాయి. పైన చదునుగా, అంచుల్లో బంగారు రంగుతో, కత్తి దింపితే తడి అంటకుండా. ఆవిడ ముక్క నోట్లో పెట్టుకుంది. నీళ్లు అడగలేదు. రెండో ముక్క తనే కోసుకుంది.

"ఇది నాదే," అంది. "తాళాలు ఇవ్వక్కర్లేదు."

అమ్మలు వెళ్లి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. అమ్మమ్మ ఆ చేతుల మీదుగా మేస్త్రిని చూసింది.

"ఈ షాపుకి రొట్టెలు ఎవరు చేస్తార్రా?"

"మీరు ఎవర్ని పంపిస్తే వాళ్లండీ."

"అమాయకుడివి. నెల రోజులుగా ట్రేలకి నూనె రాసింది నా బేకరీ మీద ప్రేమతోనా?" ఆవిడ చేతికున్న పట్టీ సర్దుకుంది. "మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు?"

"అక్క ఒక్కతేనండీ. నిజం చెప్పెయ్యమంది తనే."

"ఆదివారం మా ఇంటికి రమ్మని చెప్పు. తప్పు ఒప్పుకోవడం నేర్పిన మనిషిని నేను చూడాలి."

మేస్త్రి వాన చినుకుల్లోకి వచ్చి, చూరు కింద నిలబడి ఫోన్ చేశాడు. అవతల మిషను చప్పుడు.

"అక్కా, ఆదివారం ఖాళీయేనా?"

"దేనికి? ఉద్యోగం ఊడిందా?"

"లేదు. ఒకళ్లింటికి వెళ్లాలి."

మిషను ఆగింది. "అమ్మాయిని చూడ్డానికా?"

"చూడ్డం మూడేళ్ల నుంచీ అవుతూనే ఉందక్కా," అన్నాడు మేస్త్రి. "నువ్వొచ్చి మాట్లాడాలి, అంతే."